గృహరక్షణమును పొరుగు ధర్మమును

మల్కాజ్‌గిరిలో తమ యిండ్లకు సీసీ కెమెరాలను తామే యమర్చుకొన బూనిన గృహస్థులను మే మభినందింతుము. అయితే కొనుటకు ముందు యోచన యవసరము. 2013 నాటి ప్రజాభద్రతా చట్టము 100 మందియో యంతకు మించియో చేరు సంస్థలలో కెమెరాలుంచి, 30 దినముల దృశ్యములను భద్రపరుపవలెనని విధించినది. గృహస్థుడును తన రికార్డరున కీ 30 దినములనే ప్రమాణముగ గైకొనుట మేలు.

మొదట దొంగ యడుగిడు త్రోవలను, అనగా వాకిలిని, పెరటి గుమ్మమును, మేడమెట్లను గుర్తింపవలెను. కెమెరా మిక్కిలి యెత్తున నున్నచో ముఖమునకు మారుగ నడినెత్తియే కానవచ్చును. రికార్డరు పరుల కంటబడని చోట నుండవలెను; కరెంటు పోయినను నడచుటకై దానిని ఇన్వర్టరుతో కలుపవలెను. తయారీదారు లిచ్చిన పాస్‌వర్డును తత్క్షణమే మార్పవలెను. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, అట్లు మార్పని కెమెరాలు మున్నగు పరికరములను లక్షలకొలదిగ వశపరచుకొనెను.

అన్నిటికంటె ముఖ్యమొకటి గలదు. ఇరుకు సందులో మన వాకిటి కెమెరా యెదురింటి కిటికీలోనికి జూచుట సులభము. ఏకాంతము ప్రాథమిక హక్కని 2017 ఆగష్టు 24న సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున పొరుగువారికి దృశ్యమును జూపి, వారి సమ్మతితోనే కెమెరాను నిలుపుడని పాఠకులకు మా మనవి. ఇరుగుపొరుగుల విశ్వాసము గోల్పోయిన యింటికి ఎన్ని కెమెరాలున్నను కావలి లేనట్లే.