మొదటి అడుగు వేసే అమ్మాయి

2013లో జపాన్ టీవీలో ప్రసారమైన అనిమే 'లవ్ లైవ్! స్కూల్ ఐడల్ ప్రాజెక్ట్' నాయిక హొనోకా కోసాకా మిఠాయి దుకాణం నడిపే ఇంటి పిల్ల. ఆమెలో అసాధారణ ప్రతిభేమీ కనబడదు. చేరే పిల్లలు తగ్గి టోక్యోలోని తన బడి మూతపడబోతోందని తెలిసి, పిల్లలను బడికి ఆకర్షించేందుకు చిన్ననాటి స్నేహితురాళ్లు ఉమి, కొటోరిలతో పాటల బృందం కడుతుంది. ఉమి పాటలు రాస్తుంది, కొటోరి దుస్తులు కుడుతుంది, తర్వాత చేరిన మాకి బాణీలు కడుతుంది. అందరినీ కలిపి ఉంచేది హొనోకా ఉత్సాహమే. తొలి ప్రదర్శనకు హాలు దాదాపు ఖాళీ. అయినా పాడి, ఆగేది లేదని వేదికపైనే చెబుతుంది. బృందం తొమ్మిదిమందికి పెరుగుతుంది. అతి సాధనతో జ్వరపడి, కొటోరి దిగులును గమనించలేక ఒక దశలో తప్పటడుగు వేస్తుంది. దాన్ని ఒప్పుకొని దిద్దుకుంటుంది. ముందడుగు వేసే తెగువ, తోటివారి బలాన్ని నమ్మే మనసు, పొరపాటు సరిదిద్దుకునే నిజాయితీ: ఈ మూడూ ఆమెను నాయకురాలిని చేశాయి.