పి.హెచ్.టి. పట్టా

"మా ఆయనకు సీటొచ్చిందే!" అని మూడేళ్ల కిందట ఒక రాత్రి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. ఎం.ఏ. ఇంగ్లీషులో ఇద్దరిదీ ఒకే బెంచి. నేను పరిశోధనలోకి వచ్చాను. తను పెళ్లి చేసుకుని ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఆయన ఒక కంపెనీలో మేనేజరు. సీటొచ్చింది ఉద్యోగం మానకుండానే చేసే ఎం.బి.ఏ.లో. నెలకు నాలుగు రోజులు క్లాసులు, మిగతా చదువంతా రాత్రుళ్లూ సెలవురోజులూ. రెండేళ్ల చదువు ఏడాది పైచిలుకులో అయిపోతుంది.

ఆ సీటులో నా చెయ్యి కూడా ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకునే నాలాంటి డాక్టరేట్లకు, ఇలాంటివాళ్ల దరఖాస్తు వ్యాసాలు దిద్దిపెట్టడం ఒక పక్క సంపాదన. ఉద్యోగాన్నీ చదువునీ కలిపి ఎలా నెట్టుకొస్తారు అని అందులో ఒక ప్రశ్న ఉంది. ఇంటి బాధ్యత మొత్తం తాను చూసుకుంటానని తన భార్య మాట ఇచ్చిందని ఆయన రాశాడు. వాక్యం కుదురుగా లేదు. నేనే దాన్ని నాలుగుసార్లు తిప్పి రాసి, చదివేవాళ్లకు నమ్మకం కలిగేలా చేశాను. "నేనెప్పుడు మాటిచ్చానే?" అని ఆవిడ వంటింట్లోంచి అడిగి నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఏడాదిలో ఎం.బి.ఏ. అంటే మనకిప్పుడు వింత కాదు. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సుతోనే మొదలైంది. అహమ్మదాబాద్ ఐ.ఐ.ఎం. అనుభవమున్న మేనేజర్ల కోసం 2006లో ఏడాది కోర్సు పెట్టింది. 2017 ఐ.ఐ.ఎం. చట్టం వచ్చాక అంతవరకూ డిప్లొమాలు ఇస్తూ వచ్చిన ఐ.ఐ.ఎం.లకు డిగ్రీలిచ్చే అధికారం కూడా దక్కింది. ఇక ఉద్యోగంలో ఉండగానే వారాంతాల్లో, నెలకింత అని చేసే కోర్సులకు లెక్కేలేదు. ఆదివారం పేపరు తెరిస్తే చాలు, చేతులు కట్టుకుని నిలబడ్డ సూటువాలా కనిపిస్తాడు. 'మీ కెరీర్ ఆగదు' అన్న తరహా హామీలు. ఆయన కెరీర్ ఆగకుండా ఉండాలంటే ఇంకేది ఆగాలో ఆ ప్రకటనలో ఉండదు.

ఈ చదువు ఎవరిని ఊహించుకుని పుట్టిందో చూడండి. పనిచేస్తున్న మేనేజర్ల కోసం మొట్టమొదటి ఎగ్జిక్యూటివ్ ఎం.బి.ఏ.ని చికాగో విశ్వవిద్యాలయం 1943లో మొదలుపెట్టింది. ఫ్రాన్సులో ఇన్సియాడ్ 1957లో పుట్టి ఏడాదిలోపు ఎం.బి.ఏ.కు పేరు తెచ్చుకుంది. అందులోకి ఆడవాళ్లు అడుగుపెట్టింది 1967లో. 1908లో పుట్టిన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆడవాళ్లను మొదటి ఏడాదిలోనే నేరుగా చేర్చుకుంది 1963లో! అంతకుముందు 1937 నుంచీ వాళ్లకోసం రాడ్‌క్లిఫ్ కాలేజీలో విడిగా ఒక ఏడాది శిక్షణ ఉండేది, సిబ్బంది వ్యవహారాల్లో. అంటే మగవాడికి రెండేళ్లు, ఆడదానికి ఏడాది. ఇప్పుడు మగవాడు కూడా ఏడాదికి దిగాడు కానీ ఆ ఏడాదిని వెనకనుంచి మోసే మనిషి మారలేదు.

తొందరగా పూర్తయ్యే చదువులో పాఠాలు తగ్గవు, పరీక్షలు తగ్గవు. రోజుకు గంటలూ పెరగవు. మరి ఆ గంటలెక్కడివి? మన జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్లు 88. తేడా 201 నిమిషాలు. ఏడాదికి 1,200 గంటలు దాటుతుంది. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకోవడం ఇందులో లేదు, అది వేరే లెక్క. మేనేజ్‌మెంటు ప్రొఫెసర్లు ఎంతో గొప్పగా చెప్పే 'టైమ్ మేనేజ్‌మెంట్' ఈ 1,200 గంటల్లోనే ఉంది. దాన్ని పాఠంగా చెప్పక్కర్లేదు, పెళ్లిలోనే ఇచ్చేస్తారు.

నా స్నేహితురాలి విషయంలో ఏమైంది? మొదటి మూడు నెలలూ అన్నీ తనే చూసుకుంటూ ఉద్యోగానికీ వెళ్లింది. పిల్లాడికి అప్పుడు నాలుగేళ్లు. ఆయనకు పరీక్షలు దగ్గరపడ్డాక పిల్లాడి జ్వరాలకు సెలవులన్నీ అయిపోయాయి. జీతం లేని సెలవు అడిగితే ప్రైవేటు కాలేజీ యాజమాన్యం ఇవ్వనంది. మానేసింది. "ఒక్క ఏడాదే కదా" అని ఆయనా, అత్తగారూ, వాళ్లమ్మా అన్నారు. నేను కూడా అన్నాను. పట్టా ఇచ్చే రోజున వేదిక మీది పెద్దమనిషి, భార్యల త్యాగం లేకుండా ఈ విజయం లేదు కాబట్టి వాళ్లంతా ఒకసారి లేచి నిలబడాలన్నాడట. హాలంతా చప్పట్లు. "చప్పట్లు బాగానే కొట్టార్లే. వీడు బాత్రూమంటూ గోల. నేను నిలబడే ఉన్నా కదా, అట్నుంచటే తీసుకెళ్లిపోయా" అంది.

ఈ నిలబెట్టి చప్పట్లు కొట్టే ఆచారం కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు ప్రభుత్వ ఖర్చుతో పెళ్లాం పిల్లలతో సహా కాలేజీల్లో చేరినప్పుడు, అమెరికాలో చాలాచోట్ల వాళ్ల భార్యలకు 'పి.హెచ్.టి.' అనే పట్టాలిచ్చేవారు. పుటింగ్ హబ్బీ త్రూ. మొగుణ్ణి గట్టెక్కించినందుకు పట్టా! కొన్నిచోట్ల దానికో సభ, డీన్ సంతకం కూడా ఉండేవి. నేను పి.హెచ్.డి., నా స్నేహితురాలు పి.హెచ్.టి. ఒక్క అక్షరం తేడా అని మేమిద్దరం ఇప్పుడు నవ్వుకుంటుంటాం. ఈ నవ్వు మొదటి నవ్వు లాంటిది కాదు.

సరే, త్యాగం అన్నారు, చప్పట్లు కొట్టారు. లెక్క దగ్గరికి రమ్మంటే ఎవరూ రారు. ఇలాంటి కోర్సుల్లో చాలావాటికి యజమాని ఒప్పుకున్నట్టు కాగితం తేవాలి. ఫీజులో కొంత కంపెనీ పెట్టుకుంటే బాండు రాయించుకుంటుంది, ఇన్నేళ్లలోపు వదిలిపోతే డబ్బు తిరిగి కట్టాలని. తాను పెట్టుబడి పెట్టింది కాబట్టి ఆ చదువు మీద తనకు హక్కుందని కంపెనీకి తెలుసు. బ్యాంకు అప్పు ఇస్తే దానికీ తెలుసు. ఉద్యోగాన్నే పెట్టుబడిగా పెట్టిన భార్య దగ్గర మాత్రం ఏ కాగితమూ ఉండదు. పైగా ఆవిడ కాగితం అడిగితే అది కాపురం కాదు, వ్యాపారం అంటారు. వ్యాపారం నేర్చుకోవడానికే కదా ఆయన వెళ్లింది!

కొలరాడోలో ఒక ఎయిర్ హోస్టెస్ ఈ మాటే కోర్టులో అడిగింది. ఆరేళ్ల కాపురంలో ఇంటి ఆదాయంలో 70 శాతం ఆవిడదే. ఆ డబ్బుతో ఇల్లు గడిచింది, భర్త డిగ్రీ, ఆ పైన ఎం.బి.ఏ. పూర్తిచేశాడు. తర్వాత విడాకులు. పంచుకోవడానికి ఇల్లూ లేదు, పొలమూ లేదు, ఉన్నదల్లా ఆ చదువే. కింది కోర్టు ఆ చదువుకు 82,836 డాలర్లు విలువ కట్టి, ఆవిడకు 33,134 డాలర్లు నెలకు వంద చొప్పున ఇవ్వమంది. 1978లో రాష్ట్ర సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఎం.బి.ఏ. ఆస్తి కాదట. అమ్మలేరు, ఇంకొకరికి రాసివ్వలేరు, మనిషి పోతే దాంతోపాటే పోతుంది కాబట్టి. బజారులో ఆ పట్టాకు ఉన్న ధరేమిటో ఆ బజారు విద్య నేర్చినవాళ్లందరికీ తెలుసు, ఆ న్యాయమూర్తులకు తప్ప. 1985లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఒక డాక్టరు లైసెన్సును ఆస్తిగా గుర్తించి భార్యకు వాటా ఉందంది. ముప్ఫై ఏళ్లు గడిచాక చట్టం మార్చి 2016 నుంచి ఆ వాటా పద్ధతినే తీసేశారు. మిగతా ఆస్తి పంచేటప్పుడు ఆవిడ తోడ్పాటును లెక్కలోకి తీసుకుంటే చాలన్నారు. హక్కు పోయింది, దయ మిగిలింది.

మన దగ్గర? 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి చాకిరీకి విలువ కట్టాల్సిందేనని వివరంగా రాశారు. మంచి తీర్పు. కానీ అది రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసు. బీమా పరిహారం లెక్క. అంటే ఆవిడ శ్రమకు ధర తెలియాలంటే ముందు ఆవిడ చనిపోవాలి! 2023లో మద్రాసు హైకోర్టు ఒక అడుగు ముందుకేసి, భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో ఇల్లు చూసుకున్న భార్యకు సమాన వాటా ఉందంది. అదీ స్థలాలూ ఇళ్లూ ఉన్నచోటే. ఇప్పటి మధ్యతరగతి ఇంటికి అసలు ఆస్తి మనిషి నెత్తిన ఉన్న డిగ్రీ. దాని దగ్గరికి మన చట్టం ఇంకా రానేలేదు.

"ఆడవాళ్లు కూడా ఈ కోర్సులు చేస్తున్నారు కదండీ" అంటారు. చేస్తున్నారు, చెయ్యాలి కూడా. నా దగ్గరికి ఒక బ్యాంకు అధికారిణి వ్యాసం తెచ్చింది. ముప్ఫై అయిదేళ్లావిడ. సర్వీసులో పద్నాలుగు నెలలు ఖాళీ. రెండో కాన్పు తర్వాత తల్లికి పక్షవాతం వస్తే, ఆవిడా పసిబిడ్డా కలిసి ఈమె మీద పడ్డారు. "మేడం, ఆ పద్నాలుగు నెలల్నీ ఏమని రాద్దాం?" అని అడిగింది. అనుభవం కనీసం ఇన్నేళ్లుండాలి అనే ఈ కోర్సుల్లో ఆ ఏళ్లు సరిగ్గా ఇరవై మూడు నుంచి ముప్ఫై అయిదు మధ్య పడతాయి. కాన్పులన్నీ అక్కడే పడతాయి. మగవాడికి పెళ్లాం ఒక అర్హత, ఆడదానికి పిల్లలు ఒక సంజాయిషీ. ఒకే ఇంట్లో జరిగే ఒకే చాకిరీ ఆయన దరఖాస్తులో బలం, ఆవిడ దరఖాస్తులో బలహీనత. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, ఏ వాక్యం ఎవరి గొంతు నొక్కుతుందో పట్టుకోవడమే నా వృత్తి అనుకునేదాన్ని. నేనేం చేశాను? ఆ పద్నాలుగు నెలలూ కనపడకుండా తేదీలు తీసేసి సంవత్సరాలు మాత్రం ఉంచాను. ఆవిడ డబ్బిచ్చి, దండం కూడా పెట్టి వెళ్లింది.

ఇది డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకు అనే మిత్రులున్నారు. లక్షల ఫీజు కట్టే ఇళ్లలో ఎవరు అన్నం వండితేనేం అంటారు. ఆ మాటలో నిజముంది. ఆ బ్యాంకు అధికారిణికి సీటు వస్తే ఆ 289 నిమిషాలూ ఆవిడ భర్త దగ్గరికి పోవు. ఊరినుంచి వచ్చే అత్తగారి దగ్గరికో, పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చే పనిమనిషి దగ్గరికో పోతాయి. 'నల్లపొద్దు' వచ్చిన 2003కు ముందూ తర్వాతా దళిత స్త్రీలు మనల్ని అడుగుతూనే ఉన్నారు, మీ చేతులు ఖాళీ అయితే ఆ పని ఎవరి చేతుల్లో పడిందని. మనం సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆ జవాబు చెప్పాలన్నా ఈ లెక్క తియ్యాల్సిందే. మేడ మీది ఇల్లాలి చాకిరీకే విలువ లేదన్నప్పుడు ఆవిడ తన కింద పనిచేసే మనిషికి ఎంతిస్తుంది? ప్రేమతో చేసే పని ఊరికే చెయ్యాలనే సూత్రాన్నే కదా కింది మనిషి జీతం తగ్గించడానికీ వాడేది.

మేనేజర్లను తిట్టి ఊరుకుంటే మనకు హాయిగానే ఉంటుంది. కానీ మన యూనివర్సిటీ లైబ్రరీల్లో సిద్ధాంత గ్రంథాల మొదటి పేజీలు తిరగేయండి. 'శుద్ధప్రతి రాసిపెట్టిన నా అర్ధాంగికి', 'ప్రూఫులు దిద్ది, అనుక్రమణిక తయారుచేసిన నా సహధర్మచారిణికి'. చాలాచోట్ల ఆవిడ పేరు కూడా ఉండదు. 2017లో ఒక అమెరికన్ ప్రొఫెసర్ ఇలాంటి కృతజ్ఞతల పేజీలు పోగుచేసి చూపిస్తే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మనకు ఆశ్చర్యం దేనికి? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఆవిడను మనం క్లాసుల్లో ఎన్నేళ్లుగా పాఠం చెబుతున్నాం! ఆ పాఠం చెప్పే మా శాఖలో ఉద్యోగానికి వెళితే, 'పి.హెచ్.డి.కి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?' అని ఇంటర్వ్యూలో అడిగింది ఒక మహిళా ప్రొఫెసరే.

కాబట్టి నేను అడిగేది మహిళలకు ఫీజులో రాయితీ కాదు, పట్టభద్రుల భార్యలకు ఒక పూలగుత్తీ కాదు. యజమాని అనుమతిపత్రం అడిగే సంస్థలు, ఈ ఏడాది ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో, వాళ్లు దానికోసం ఏం వదులుకుంటున్నారో కూడా రాయించుకోవాలి, వాళ్ల సంతకంతో. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో పిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. యాభైమంది పనిచేసేచోట క్రెష్ ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పింది, ఉద్యోగికి ఉన్న హక్కు విద్యార్థికి ఎందుకు ఉండకూడదు? పిల్లల్నీ రోగుల్నీ చూసుకున్న కాలాన్ని అనుభవంగా లెక్కించాలి. సిబ్బంది, సరుకు, బడ్జెట్టు, సంక్షోభం అన్నీ అందులో ఉన్నాయి, కేస్ స్టడీలకు కావలసినంత. భార్య ఉద్యోగం మానుకుని సంపాదించిపెట్టిన చదువుకు ఆవిడ వాటా ఎంతో మన విడాకుల చట్టం చెప్పాలి. ఇవి జరగవంటారా? నెలకు వంద డాలర్లు ఇవ్వమని ఒక కింది కోర్టు యాభై ఏళ్ల కిందటే అనగలిగింది.

పోయిన నెల నా స్నేహితురాలు ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆయనకు ప్రమోషన్ వచ్చింది, ఊళ్లో ఉండేదే తక్కువ. తన పాత కాలేజీలో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. ఫారంలో ఒక గడి ఉంది: 'ఉద్యోగంలో విరామం ఉన్నచో కారణం'. 'వ్యక్తిగతం అని రాయనా?' అంది. నేనేం మాట్లాడలేదు. కాసేపు చూసి తనే రాసింది: 'ఎం.బి.ఏ. చదువు. పట్టా నా భర్త పేరున ఉంది.' ఈసారి నేను దిద్దలేదు. ఆ స్కూలు నుంచి ఇంకా కబురు రాలేదు.