మంచం దిగనివ్వండి

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. గత శీతకాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము చేరడంతో బందరు నుండి విజయవాడ తీసుకువచ్చి ఒక ఆసుపత్రిలో చేర్పించాము. ఆయాసపడుతూనే అయినా, మావారి చేయి పట్టుకుని ఆసుపత్రి మెట్లు ఆమె స్వయంగా ఎక్కారు. తొమ్మిది రోజులకు జ్వరం పోయింది, నెమ్ము తగ్గింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కాని తిరుగు ప్రయాణంలో ఆమెను చక్రాల కుర్చీలో కారు దాకా తెచ్చి, ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చింది. ఇంటికి చేరాక గడప దాటడానికి ఆమె కాలు లేవలేదు.

కాళ్ళకు ఏ జబ్బు సోకిందని వైద్యుణ్ణి అడిగాము. "జబ్బు కాదమ్మా, మంచం" అన్నారాయన.

ఆ తొమ్మిది రోజులూ ఖిద్మత్‌లో ఏ లోటూ చేయలేదనే మేము భావించాము. ఆమె స్నానాలగదికి వెళతానంటే బెడ్‌పాన్ అందించాము. వుజూకు లేవబోతే బేసిన్‌లో నీళ్ళు మంచం వద్దకే తెచ్చాము. పెడన నుండి, గుడివాడ నుండి చూడవచ్చిన బంధువులందరిదీ ఒకటే మాట: "మీరు కదలకండి అమ్మీ, మేమంతా లేమా!" మూడవ రోజున వైద్యుడు "కాసేపు కుర్చీలో కూర్చోబెడుతూ ఉండండి" అన్నమాట నిజమే. విన్నాము, మరచిపోయాము.

అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2007లో వెలువడింది. సగటున 67 ఏళ్ళ వయస్సు గల, ఏ జబ్బూ లేని కొద్దిమంది వృద్ధులను పది రోజులపాటు మంచంపైనే ఉంచారు. ఆ పది రోజుల్లో వారి కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. వారు ఆరోగ్యవంతులన్నది గమనార్హం. జ్వరమూ, ఆకలి లేకపోవడమూ తోడైతే కండ మరింత వేగంగా కరుగుతుంది. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరక ముందు నడవగలిగిన 45 మంది వృద్ధులను పరిశీలించారు. ఆసుపత్రిలో గడిపిన కాలంలో 83 శాతం వారు పడుకునే ఉన్నారు. మంచం వల్ల కలిగే హానిని గురించి రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్ల వైద్యుడు 1947లోనే హెచ్చరించాడు. అయినా రోగి అనగానే మన కళ్ళ ముందు నిలిచేది దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషే.

నష్టం కాళ్ళతో ఆగదు. రోజుల తరబడి పడుకున్న దేహం, లేచి నిలబడగానే రక్తపోటును సరిచేసుకునే అలవాటును కోల్పోతుంది. కళ్ళు తిరుగుతాయి, పడిపోతామన్న భయం పుడుతుంది, ఆ భయంతో మళ్ళీ పడుకుంటారు. పడుకున్నకొద్దీ కఫం ఊపిరితిత్తుల అడుగున పేరుకుంటుంది. నెమ్ము తగ్గాలనే గదా మేము ఆమెను పడుకోబెట్టింది!

నన్ను అన్నిటికన్నా బాధించే విషయం నమాజు. తొమ్మిది రోజులూ ఆమె పడుకుని సైగలతోనే నమాజు చేశారు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ అనారోగ్య స్థితిలో నమాజు గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) చూపిన క్రమం మనకు తెలియనిది కాదు. ముందు నిలబడి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి. మేము మొదటి రెండు మెట్లూ వదిలి నేరుగా మూడవదానికి వెళ్ళాము. ఆరవ రోజున "నన్ను కూర్చోబెట్టండి, కూర్చుని చదువుకుంటాను" అని ఆమె అడిగారు కూడా. ఆమెకు చేతకాదని నిర్ణయించినది ఆమె కాదు, మేము.

తుంటి ఎముక విరిగినవారి విషయం వేరు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవారి విషయమూ వేరే. వైద్యుని అనుమతి లేకుండా వారిని లేపరాదు. తక్కినవారి విషయంలో ప్రతి ఉదయం వైద్యుడు వచ్చినప్పుడు "ఈ రోజు నడిపించవచ్చునా?" అని అడగండి. మూత్రపు గొట్టం ఇంకా అవసరమేనా అని కూడా అడగండి, అది ఉన్నంతకాలం మనిషి మంచానికి కట్టేసినట్లే. లేపేటప్పుడు ముందు కాళ్ళు కిందికి దించి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోనివ్వాలి. ఇంటి నుండి చేతికర్ర, కళ్ళజోడు, జారని చెప్పులు తీసుకువెళ్ళాలి. మేము తీసుకువెళ్ళినవి పండ్లూ, ఫ్లాస్కూ మాత్రమే. భోజనం మంచంపై కాక కుర్చీలో పెట్టాలి. ఆ భోజనం కూడా జావ, బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టకూడదు. మూత్రపిండాల జబ్బు వంటి అడ్డంకి లేకపోతే గుడ్డు, పప్పు, మాంసం కండకు ఆధారం.

నాలుగు నెలలుగా ఫిజియోథెరపీ చేయిస్తున్నాము. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం ఆమెకు రోజూ పది సార్లు పని. దస్తర్‌ఖాన్ వద్ద నేలపై కూర్చుని లేవడం ఇంకా సాధ్యపడలేదు, ఇక సాధ్యపడుతుందో లేదో. నిన్న ఫజ్ర్ వేళ నేను చెంబుతో నీళ్ళు పట్టుకువెళితే, కర్ర కోసం చేయి చాచి, "అక్కడ పెట్టు బేటీ, కొళాయి దగ్గరకు నేనే వస్తాను" అన్నారు.