వేలు పడకుంటే బియ్యం ఆపుడేనా?

"మల్లా పెట్టు యాడీ. తుడుసుకొని పెట్టు."

పోయిన నెల మరిపెడ మండలంల ఒక రేషన్ దుకాణం కాడ నిలబడ్డప్పుడు ఈ మాట ఎన్నిసార్లు ఇన్ననో లెక్కలేదు. తండా నుంచి వచ్చిన ముసలమ్మ. మిర్చి తోటల్ల కాయ ఏరంగ, పత్తి తీయంగ వేళ్ల మీద గీతలు అరిగిపోయినయ్. బొటనవేలు పెట్టింది, పడలే. చూపుడు వేలు పెట్టింది, పడలే. కన్ను చూసే మిషన్ పెట్టిన్రు, కండ్లల్ల పొరలు, అది కూడా పట్టలే. ఇగ ఓటీపీ అన్నరు. ఆధార్‌కు ఇచ్చిన నంబర్ హైదరాబాదుల ఉన్న కొడుకుది, అది ఇప్పుడు పని చేస్తలేదు. కార్డుల ఆమె ఒక్కతే పేరు. ఇంకొకరు వచ్చి వేలు పెడదామన్నా లేరు. లైన్ల ఉన్నోళ్లు ఆమె దిక్కు చూస్తున్నరు, ఏదో దొంగతనం చేసి దొరికినట్టు.

నేను డీలర్‌ను అడిగిన. మూడూ పడకపోతే ఏం చెయ్యాల్నని మీకు చెప్పిన్రు?

"పడేదాక పెట్టియ్యాలె అన్నా" అన్నడు.

ఆయన మీద నాకు కోపం లేదు. స్టాకుకు మిషన్‌ల లెక్కకు తేడా వస్తే కేసయ్యేది ఆయన మీదనే. వేలు పడకుండ బియ్యం పోస్తే రేపు పైనుంచి వచ్చినోడు ఆయననే అడుగుతడు. నా కోపం వేరే దిక్కున్నది.

మన ఊర్ల నుంచి పోయి హైదరాబాదుల, బెంగళూరుల సర్వర్ల మీద పని చేసే తమ్ముళ్లు చానమందే ఉన్నరు. వాళ్లకు ఈ సమస్య కొత్త కాదు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అని ఒకటుంటది. పది కంప్యూటర్లు ఒకే చోట దాచిన ఫైళ్లను వాడుకునే పద్ధతి. 1984ల సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ తెచ్చింది. మొదట్ల అది అమాయకంగ ఉండె. నేను ఫలానా నంబర్ మనిషిని అని అవతలి కంప్యూటర్ చెప్తే సర్వర్ నమ్మేది. దొంగ నంబర్ చెప్పినా అంతే. అందుకని గట్టి తాళం పెట్టిన్రు, కెర్బరోస్ అని. నంబర్ చెప్తే సాలదు, నమ్మకమైన మూడో సర్వర్ ఇచ్చిన టికెట్ చూపెట్టాలె. తాళం గట్టిదే గని పెంకెది. మామూలుగ రెండు కంప్యూటర్ల గడియారాలు ఐదు నిమిషాల కంటె ఎక్కువ తేడా వస్తే టికెట్ చెల్లదు. మనిషి అసలోడే, పాస్‌వర్డ్ సరైందే, అయినా తలుపు తెరుసుకోదు.

అప్పుడేం చెయ్యాలె? పాత పద్ధతికి దిగొచ్చి, నంబర్ చెప్పు సాలు అంటే, గట్టి తాళం పెట్టి లాభమేంది? దొంగ ఆ పాత దారినే వస్తడు. దిగేదే లేదంటే, అసలు పనోడు బయటనే నిలబడ్తడు. తెలిసినోళ్లు దీనికి చేసేది సాదా ముచ్చటనే. ఏ ఫోల్డర్‌కు ఏ తాళం, అది పడకపోతే ఏ దారి, ఆ దారిల వచ్చినోడు ఎంతవరకు పోవచ్చు అని ముందే సర్వర్ మీద రాసిపెడ్తరు. జీతాల ఫైలుకు గట్టి తాళం తప్ప ఇంకోటి నడువదు. అందరు చదువుకునే కాగితాలకు పాత దారి సాలు, అది గూడ చదువుడు మటుకే. ఎవరు ఏ దారిల వచ్చిన్రో పట్టిక ఉంటది. తలుపు కాడ ఉన్నోని ఇష్టానికి ఇడిసిపెట్టరు. ఇంకో సంగతి. గుర్తుపట్టని మనిషికి ఆ సిస్టమ్ పెట్టే పేరు "నోబడీ". ఎవరూ కాదు అని.

ఇప్పుడు మన దుకాణం కాడికి వద్దాం. ఇక్కడ రాసిపెట్టలేదా అంటే, రాసిపెట్టిన్రు. ఆధార్ సంస్థనే 2017 అక్టోబర్ 24న సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడకపోతే కన్ను, ఓటీపీ చూడాలె, ఏదీ కుదరకపోతే కార్డు చూసి, మినహాయింపు రిజిస్టర్ల రాసి సరుకు ఇయ్యాలె అని. అదే ఏడు సెప్టెంబర్ల జార్ఖండ్ సిమ్డేగా జిల్లాల ఒక పదకొండేండ్ల పాప చచ్చిపోయింది. ఆధార్ జోడించలేదని వాళ్లింటి రేషన్ కార్డు కొట్టేసిన్రు. దేశమంత గోల అయినంక ఈ కాగితం వచ్చింది. 2018 మార్చిల సుప్రీంకోర్టు ముందట ఆధార్ సంస్థ చెప్పిన లెక్క ఏందంటే, ప్రభుత్వ సేవలల్ల నూటికి 88 సార్లు ధృవీకరణ కుదురుతున్నదని. అంటే నూటికి 12 సార్లు కుదుర్తలేదు. ఆ సెప్టెంబర్ 26 తీర్పుల, ధృవీకరణ కుదరలేదని అర్హులకు సాయం ఆపబోమని సర్కారు ఇచ్చిన మాటను కోర్టు రాసుకున్నది.

కాగితం ఢిల్లీల ఉన్నది. రిజిస్టర్ మాత్రం దుకాణంల లేదు. నా కోపం గిది.

ఇంకో దారి పెడితే సాలదు, ఆ దారి ఎవరికి అందుతదో చూడాలె. 2021 ఫిబ్రవరి యాదికున్నదా? కరోనా వల్ల, హైకోర్టు మాట మీద, మన రాష్ట్రంల రేషన్‌కు వేలిముద్ర ఆపి కన్ను, ఓటీపీ అన్నరు. మంచిదే అనుకున్నం. తెల్లారి చూస్తే మీసేవ సెంటర్ల ముందట, ఆధార్ సెంటర్ల ముందట బారెడు లైన్లు. ఆధార్‌కు ఫోన్ నంబర్ జోడించనోళ్లంత ఆడ నిలబడ్డరు. ఒకళ్లకొకళ్లు తగలొద్దని మిషన్ ముట్టుకునుడు ఆపితే, జనం అంతకన్న ఎక్కువ గుంపుగ ఇంకో తలుపు కాడ జమైన్రు. ఓటీపీ అనేది ఫోన్ ఉన్నోడు రాసిన దారి.

అట్లని వేలిముద్రలే వద్దు అంటలేను. దొంగ కార్డులు, చచ్చిపోయినోళ్ల పేరు మీద బియ్యం, అవన్ని మన ఊర్లల్ల చూసినయే. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగి మన మండలంల సీతారాం తండా మునిగింది. ఇంట్ల నీళ్లొచ్చినోని కార్డు, కాగితాలు ఏమైతయ్? వేలు మాత్రం వాగుల కొట్టుకపోదు. వలసపోయినోడు ఇంకో ఊర్ల బియ్యం తెచ్చుకునేది గూడ ఈ వేలుతోనే.

తాళం మంచిదే. పడనోనికి దారి ఉన్నదా లేదా అన్నదే తేడా. దీనికి మన పక్కనే రుజువున్నది. 2010 నుంచి 2012 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చిన్రు. కార్తీక్ మురళీధరన్, ఇంకిద్దరు ఆర్థికవేత్తలు 157 మండలాలల్ల పరీక్ష పెట్టిన్రు. అందుల మన పక్క ఖమ్మం, నల్లగొండ జిల్లాలు ఉన్నయ్. ఉపాధి కూలిల దోపిడీ 41 శాతం తగ్గింది. కూలి తొందరగ అందింది. కూలోళ్లకు నష్టం కాలే. ఎందుకంటె, కార్డు లేనోనికి పైసలు ఆపలే. రెండేండ్లకు గూడ దాదాపు సగం చెల్లింపులే కార్డు మీద జరిగినయ్, మిగిలినయ్ పాత పద్ధతిల నడిచినయ్. అదే మనుషులు తర్వాత జార్ఖండ్‌ల రేషన్‌కు ఆధార్ పెట్టినప్పుడు చూసిన్రు. ఆడ దిగొచ్చే దారి దాదాపు మూసేసిన్రు. ఆధార్ జోడించని కుటుంబాలకు అందే సరుకు పదో వంతు తగ్గింది. ఆధార్ పెట్టినందుకే దోపిడీ తగ్గింది అని మాత్రం లెక్కల తేలలే. వేలిముద్ర రెండు చోట్లా ఉన్నది, పడనోని గతి మాత్రం వేరయింది.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మిషన్లు పెరుగుతున్నయ్. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. సన్నబియ్యం వచ్చినంక కార్డుకు కిమ్మత్ పెరిగింది, దుకాణం కాడ లైన్ పెరిగింది. అదే ఏడు చేయూత పింఛన్లకు ముఖం గుర్తుపట్టే పద్ధతి మొదలైంది. వేళ్లు అరిగినోళ్లకు అది మేలే అయితది. గని ముఖం గూడ పట్టకపోతే? ఆ జవాబు ప్రతి పోస్టాఫీసు గోడ మీద తెలుగుల రాసి ఉండాలె. ఎవరిని అడగాలె, ఏ కాగితం సాలు, ఎన్ని రోజులల్ల ఇయ్యాలె అని.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ చేతుల ఫోన్ ఉన్నది. మీ ఇంట్ల ముసలోళ్లను దుకాణానికి తోలుకపోతే, వేలు పడకపోతే "మినహాయింపు రిజిస్టర్ ఏది?" అని అడుగుండ్రి. మర్యాదగనే అడుగుండ్రి, డీలర్ మన ఊరోడే. లేదంటే 1967కు ఫోన్ కొట్టి, ఫిర్యాదు నంబర్ రాసుకోండ్రి. 2013 ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్‌ల, రావాల్సిన సరుకు ఇయ్యకపోతే దానికి బదులు పైసలు పొందే హక్కు ఉన్నది. ఆ సంగతి దుకాణం కాడ ఎవ్వరూ చెప్పరు.

తండా యాడీ తెల్లారి మల్లా వచ్చింది. ఆ రోజు ఎడమ చేతి మధ్యవేలు ఎట్లనో పడ్డది. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని పోయింది. వచ్చే నెల పడ్తదో లేదో.

మరిపెడ మండలంల దుకాణం వారీగ మినహాయింపు కింద ఎంతమందికి బియ్యం ఇచ్చిన్రు, ఎంతమందిని ఉత్తచేతుల తోలిచ్చిన్రు అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన. ముప్పై రోజుల గడువు. జవాబు వచ్చినా, రాకపోయినా ఈడనే రాస్త.