చుక్కాని ఒకరి చేతిలోనే ఉంటే

సంసారాన్ని సాగరంతో పోల్చడం మనకి అలవాటు. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు సంసార నావ సాఫీగా సాగాలని దీవిస్తారు. ఆ నావని ఎవరు నడపాలో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. చుక్కాని ఆయనది, పొయ్యి ఆవిడది అని అందరికీ తెలిసినట్టే ఉంటుంది.

నిజంగానే పడవలో కాపురం పెట్టిన జంటలున్నారు. చిన్న తెరచాప పడవ కొనుక్కుని, తీరం వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి పోతూ, నచ్చినచోట లంగరు వేసుకుని ఏళ్ళ తరబడి అందులోనే ఉంటారు. వాళ్ళ ఫొటోలు చూస్తే నీలం నీళ్ళూ, సూర్యాస్తమయాలూ, కాఫీ కప్పులూ. నాకు మాత్రం ముందు వచ్చే సందేహం, ఆ కప్పులు ఎవరు కడుగుతారని!

ఇలాంటి జంటల్లో బాగా పేరున్నవాళ్ళు లిన్ పార్డీ, లారీ పార్డీ. ఆవిడది అమెరికా, ఆయనది కెనడా. 1965లో కాలిఫోర్నియాలో కలుసుకునేటప్పటికి ఆవిడకి పడవ నడపడం రాదు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. ఇద్దరూ కలిసి మూడేళ్ళకి పైగా కష్టపడి సొంతంగా ఒక చెక్క పడవ కట్టుకుని, సెరాఫిన్ అని పేరు పెట్టి 1968లో నీళ్ళలోకి దించారు. పొడవు 24 అడుగులు. మన అపార్టుమెంట్లలో హాలూ వంటిల్లూ కలిపితే అంత. ఇంజను లేదు, ఫ్రిజ్ లేదు. ముందు మెక్సికో తీరం వెంబడి తిరిగి, ఆ తర్వాత దూరాలకి వెళ్ళి, పదకొండేళ్ళలో ప్రపంచమంతా చుట్టి వచ్చారు.

పడవ మీద వంటంటే మాటలా? పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలకకుండా పొయ్యిని ఊగేలా బిగిస్తారు. మంచినీళ్ళు కొలుచుకుని వాడాలి. గిన్నెలు తోమడానికి సముద్రపు నీళ్ళే దిక్కు. మన ప్రెషర్ కుక్కర్ అక్కడా చాలామందికి ప్రాణం. మూత ఊడిపోదు, గ్యాసూ నీళ్ళూ ఆదా. జపాన్ నుంచి కెనడాకి 49 రోజులు ప్రయాణం చేసినప్పుడు ఏ రోజు ఏం వండిందీ, ఏ కూరగాయ ఎన్నాళ్ళు నిలవ ఉందీ రాసుకుని, లిన్ దాన్ని ఒక పుస్తకంగానే వేసింది. నాకు బాగా నచ్చింది ఇదే. గాలివానలో పడవని ఎలా కాచుకోవాలో భార్యాభర్తలు కలిసి ఇంకో పుస్తకం రాశారు. ఆ విద్యా ఈ విద్యా రెండూ ఆవిడవే.

ఇంకో సంగతి ఉంది. నడిసముద్రం కంటే తీరం దగ్గరే ప్రమాదం ఎక్కువంటారు పడవలవాళ్ళు. రాళ్ళు, ఇసుక మేటలు, ఓడలు, చేపల వలలు. అందుకని రాత్రుళ్ళు వంతులేసుకుని కాపలా ఉంటారు. ఆయన పడుకుంటే ఆవిడ ఒక్కతే నడపాలి, ఆవిడ పడుకుంటే ఆయన. ఒకళ్ళు కాలుజారి నీళ్ళలో పడితే పడవని వెనక్కి తిప్పాల్సింది రెండోవాళ్ళే. "నాకు రాదండీ, అవన్నీ మా ఆయనే చూసుకుంటారు" అంటే ఆ ఆయనే దక్కడు.

అయినా అక్కడ కూడా గులాబీ పనులు, నీలం పనులు అని వాటాలున్నాయట. వంటా వార్పూ గులాబీ, ఇంజనూ లంగరూ నీలం. మన వాసనే! పనులు పంచుకోవడం తప్పని నేననను. ఎవరికి చేతనైంది వాళ్ళు చేస్తే పని తెములుతుంది. రెండోవాళ్ళ పని అసలే తెలియకపోవడం దగ్గరే నాకు పేచీ.

1973లో తిమింగలం ఢీకొని పడవ మునిగిపోయిన బ్రిటిష్ జంట ఉంది, మారిస్, మారలిన్ బెయిలీ. గాలి నింపిన చిన్న తెప్పలో 117 రోజులు పసిఫిక్ మీద కొట్టుకుపోయారు. మారలిన్‌కి ఈత రాదు. పిన్నీసుల్ని వంచి గాలాలు చేసి చేపలు పట్టింది. భర్త ఆశ వదులుకున్నప్పుడల్లా ధైర్యం చెప్పింది. చివరికి కొరియా చేపల పడవ వాళ్ళని కాపాడింది. గాజులకి పిన్నీసులు తగిలించుకుని తిరిగే మనకి ఆవిడ తెలివి ఇట్టే అర్థమవుతుంది.

మన ఇళ్ళలో తిమింగలం రాదు. గుండెపోటు వస్తుంది. మా బంధువుల్లో ఒకావిడ ముప్పై ఏళ్ళు ఇల్లు నడిపింది. ఆయన హఠాత్తుగా పోయాక ఫోన్ తెరిచే నంబరు కూడా తెలియదు. పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరికి ఎంత ఇచ్చారో ఒక్కటీ తెలియదు. పన్నెండోరోజు వెళ్ళకముందే కొడుకుని బతిమాలుకోవాల్సొచ్చింది. ఇంకో ఇంట్లో భార్య పోయిన ఒక బాబాయిగారు పప్పు ఏ డబ్బాలో ఉందో తెలియక రెండు పూటలా కర్రీ పాయింట్ కూరలతో వెళ్ళదీస్తున్నారు. ఇద్దరివీ అన్యోన్యమైన కాపురాలే. "నీకెందుకా తలనొప్పి, నేనున్నాగా" అన్నది ప్రేమతోనే. "మీరు వంటింట్లోకి రాకండి, అంతా చిందరవందర చేస్తారు" అన్నదీ ప్రేమతోనే.

లారీ పార్డీ 2020లో పోయారు. లిన్ ఆ తర్వాత కూడా సముద్రం వదల్లేదు, ఇంకా పడవ ఎక్కుతూనే ఉంది. దుఃఖం ఎవరికైనా ఒకటే. కానీ దుఃఖంతో పాటు దిక్కు తోచకపోవడమనే రెండో కష్టం ఆవిడకి రాలేదు.

అందుకే అంటున్నాను. ఈ ఆదివారం వంటగట్టు ఆయనకి అప్పగించండి. పప్పులో ఉప్పెక్కువైనా కిక్కురుమనకండి. మీరు బీరువా తెరిచి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చోండి. బ్యాంకు, పాలసీ, అప్పు, ఇంటి దస్తావేజులు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. "ఇప్పుడెందుకీ అపశకునం" అని ఆయన విసుక్కుంటే, అపశకునం కాదు, నా వంతు కాపలా అని చెప్పండి.