గగనమార్గము - గడియారము

ఢిల్లీకిని శాన్‌ఫ్రాన్సిస్కోకును నడుమ గల దూర మెంత? గోళముపై దారము బిగించి కొలిచినచో సుమారు 12,400 కిలోమీటర్లు. రాజ్యములు మారినను, యుద్ధములు వచ్చినను ఈ సంఖ్య మారదు. కాని అచటికి చేరుటకు పట్టు కాల మెంత యని యడిగినచో భూగోళ మొక్కటియే సమాధానము చెప్పజాలదు. గాలి చెప్పవలయును, యంత్రము చెప్పవలయును, అన్నింటికంటె ముఖ్యముగా, క్రిందనున్న రాజ్యములు చెప్పవలయును.

గాలి ప్రభావమును మొదట చూతము. 2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ రెండు నగరముల నడుమ ఎచటను ఆగని విమానమును నడుపసాగెను. తొలుత అది పడమరగా, అట్లాంటికు మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్లు పోయెడిది. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా, పసిఫిక్కు మీదికి త్రిప్పిరి. దారి 15,300 కిలోమీటర్లయ్యెను. కాలము మాత్రము రెండు గంటలు తగ్గి, సుమారు 14½ గంటలకు దిగెను. పడమటినుండి వీచు పైగాలి ఎదురు నిలుచుట మాని వెనుకనుండి త్రోయుటయే యిందుకు కారణము. చుట్టుదారియే దగ్గరి దారి యైనది.

గాలి పక్షపాత మెఱుగదు. రాజ్యములు అట్లు కావు. ఇది క్రొత్త సంగతియు కాదు. 1929 మార్చిలో ఇంపీరియలు ఎయిర్‌వేస్ వారు ఇంగ్లండునుండి కరాచీకి మార్గము తెఱచిరి. పర్షియా యనుమతి ముగియగా 1932లో ఆ దారి అరేబియా తీరమున షార్జా మీదికి మరలెను. సముద్రముల నేలిన సామ్రాజ్యమే పరుల ఆకాశము నెదుట తల యొగ్గవలసివచ్చినది. ప్రతి రాజ్యమునకును తన పైయాకాశమున సంపూర్ణాధికార మున్నదని 1944 నాటి చికాగో ఒడంబడిక స్పష్టపఱచినది.

ఇక మన యనుభవము. 2019 ఫిబ్రవరి చివరనుండి జూలై 16 వరకు పాకిస్తాను తన గగనమార్గమును నిరోధింపగా, జూలై 2 నాటికే ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టము కలిగినదని ప్రభుత్వము రాజ్యసభలో తెలిపినది. పహల్గాం ఘాతుకము తరువాత, 2025 ఏప్రిలు 24న, ఆ ద్వారము మన విమానములకు మరల మూసికొనెను. ఢిల్లీనుండి ఉత్తర అమెరికాకు పోవు కొన్ని విమానములు నడుమ యూరపులో దిగి యింధనము నింపుకొనవలసివచ్చెను. ఆ సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ-వాషింగ్టను విమానమునే ఎయిరిండియా నిలిపివేసినది. విమానముల కొఱతతోపాటు ఈ నిరోధమును కారణముగా చెప్పినది.

దేశరక్షణ ముందు, ప్రయాణసౌఖ్యము తరువాత. ఈ విషయమున మాకు సందేహము లేదు. అయితే దేశమంతయు వహింపవలసిన భారమును టిక్కెట్టు కొన్నవారి నెత్తిననే మోపుట న్యాయమా? కూతురి కాన్పునకై గుంటూరు మండలమునుండి కాలిఫోర్నియా పోవు ముసలి తల్లికి అదనపు గంట యొక్కొక్కటియు శరీరశ్రమయే. పరభాష వినబడు విమానాశ్రయమున ఒంటరి నిరీక్షణ మనోవ్యథయే.

కావున, టిక్కెట్టు అమ్మునపుడే వాస్తవమైన ప్రయాణకాలమును, నడుమ దిగు చోటును ప్రయాణికుని భాషలో తెలుపవలయును. మార్గము పొడిగినప్పుడు సొమ్ము కోల్పోకుండ ప్రయాణము మానుకొను హక్కు వృద్ధులకును రోగులకును ఉండవలయును. అదనపు వ్యయములో ప్రభుత్వము తన వంతు వహింపవలయును.

దూరమును భూమి నిర్ణయించినది. దానిని మార్చుట యెవరి తరమును కాదు. కాలమును మనుష్యులు నిర్ణయించుచున్నారు. దానికి మనుష్యులే జవాబుదారులు కావలయును.