ముగిసేది ఒప్పందమే, పని కాదు

‘మార్చి 31తో మీ ఒప్పందం ముగిసింది, పొడిగించడం లేదు.’ పన్నెండేళ్లు పట్టణ వీధులు ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికురాలిని ఇంటికి పంపడానికి ఈ ఒక్క వాక్యం చాలు. ఏప్రిల్ 1 ఉదయం ఆ వీధిని మళ్లీ ఊడ్వవలసిందే. చీపురు చేతులు మారుతుంది. ఆ కొత్త చేతులూ సాధారణంగా అదే దళితవాడ నుంచి వస్తాయి.

ఆమెకు పరిహారం ఎందుకు రాదు? 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్ సెక్షన్ ప్రకారం, ఏడాదైనా నిరంతరాయంగా పనిచేసిన కార్మికులను రిట్రెంచ్ చేస్తే నెల నోటీసుతోపాటు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి. పన్నెండేళ్లకు లెక్కగడితే దాదాపు ఆరు నెలల జీతం. నియామక పత్రంలోనే ముగింపు తేదీ రాసి ఉన్నా అది రిట్రెంచ్‌మెంటేనని 1976లో స్టేట్ బ్యాంకు తాత్కాలిక ఉద్యోగి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. 1984లో పార్లమెంటు ఆ తలుపు మూసింది. ఒప్పందం పొడిగించకపోవడం వల్ల ఉద్యోగం పోతే అది రిట్రెంచ్‌మెంట్ కాదని 2(ఓఓ)(బీబీ) నిబంధన చేర్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని కొనసాగించడమే కాక, నిర్ణీత కాల ఉద్యోగాన్నీ అదే మినహాయింపులో చేర్చింది.

నిబంధనలో కులం ప్రస్తావన లేదు. అయితే అది ఎవరి మీద పడుతున్నదో చూడాలి. నమస్తే పథకం కింద కేంద్రం 2024 నాటికి వివరాలు సేకరించిన మురుగుకాల్వ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో సుమారు 69 శాతం ఎస్సీలు. రోస్టర్ పాయింట్లతో నిమిత్తం లేకుండా భర్తీ అయ్యే కొలువు ఇదొక్కటే కాబోలు. ఇక్కడ ఓపెన్ కేటగిరీ నుంచి పోటీ రాదు. తరతరాలుగా ఆ పనిని వారికే శాశ్వతం చేసింది కులం. అదే పనిలో వారి ఉద్యోగాన్ని ఏటేటా తాత్కాలికం చేస్తున్నది ఒప్పందం.

‘మా టెండరు అయిపోయింది’ అంటుంది ఏజెన్సీ. ‘వాళ్లు మా ఉద్యోగులు కారు’ అంటుంది మున్సిపాలిటీ. కార్మికులను ఏళ్ల తరబడి తాత్కాలికులుగానే ఉంచి శాశ్వత హక్కులు దక్కకుండా చేయడం అనుచిత కార్మిక పద్ధతి అని చట్టం ఐదో షెడ్యూలే చెప్పింది. కానీ దాన్ని రుజువు చేయాలంటే కార్మికురాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. ఈలోగా ఇంటి అద్దె ఎవరు కడతారు?

కొత్త కోడ్‌లలో నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ ఇస్తున్నారు కదా అనవచ్చు. మంచిదే. కాని గ్రాట్యుటీ గడిచిన సేవకు ప్రతిఫలం, పరిహారం రేపటి కూలి పోయినందుకు. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం లెక్కకు నిలవదు.

ఒప్పందం ముగిసినా అదే పని మరొకరితో చేయిస్తుంటే 25ఎఫ్ స్థాయి పరిహారం తప్పనిసరి కావాలి. కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాడే అన్నది. ఆ బాధ్యతను పరిహారానికి విస్తరించడానికి అడ్డేమిటో మున్సిపల్ శాఖలు, కార్మిక శాఖలు చెప్పాలి. వచ్చే టెండరు పత్రంలోనే ఆ షరతు పెట్టవచ్చు. అందుకు పార్లమెంటు దాకా పోనక్కరలేదు.